మావయ్యగారు వద్దన్న క్యాసెట్టు

మా మావగారు పోయారని నాకు మనిషెవరూ చెప్పలేదు. మైకు చెప్పింది.

పోయిన నెలలో మా తమ్ముడి కొడుకు అన్నప్రాసనకని ద్రాక్షారామంలో మా పుట్టింటికి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, బస్సులు మారి పాలకొల్లులో దిగేసరికి మధ్యాహ్నమైంది. వెంట ఏడేళ్ళ మా పాప. చేతిలో, మావయ్యగారికి ఇష్టమని మా అమ్మ దగ్గరుండి కొట్టించిన పనసపొట్టు. రిక్షా మా వీధి మలుపు తిరగకముందే శ్లోకాలు వినబడ్డాయి.

మా వైపు వాళ్ళకి ఇక చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా మనిషి పోతే, దూరపు చుట్టాలకి కబురు వెళ్ళేలోపే మైకు సెట్టు వచ్చేస్తుంది. గుమ్మం ముందు ఏ చెట్టుకో స్తంభానికో హారన్ కట్టి శ్లోకాల క్యాసెట్టు పెట్టేస్తారు. శవం శ్మశానం చేరేదాకా అది మోగుతూనే ఉంటుంది. ఆ గొంతు వినబడితే చాలు, పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు కూడా ఎవరు పోయారో అనుకుంటూ వీధిలోకి వస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. "ఎవరో పాపం" అన్నాను పైకి. రిక్షా అతను తల తిప్పకుండానే "పెద్దోళ్ళెవరో అయ్యుంటారండి" అన్నాడు. మలుపు తిరిగాక చూస్తే హారన్ మా ఇంటి ముందు కొబ్బరిచెట్టుకి కట్టి ఉంది.

పొద్దున స్నానం చేసి, కాఫీ తెమ్మని చెప్పి వాలుకుర్చీలో కూర్చున్నారట. అత్తయ్యగారు గ్లాసు తెచ్చేసరికి మెడ పక్కకి వాలిపోయి ఉందట. ద్రాక్షారామం ఫోన్ చేస్తే మేం అప్పటికే బయల్దేరిపోయాం. ఇంత సుఖంగా పోవడం ఎంత అదృష్టమో అని వచ్చినవాళ్ళందరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆ అదృష్టం సంగతి వాళ్ళకేం తెలుసు. కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తినేసే మనిషి, జన్మలో దేనికీ పట్టుబట్టని మనిషి, ఒక్కటంటే ఒక్కటి వద్దన్నారు. తను పోయినప్పుడు ఆ క్యాసెట్టు పెట్టొద్దన్నారు. నేను రిక్షా దిగేసరికి అదే మోగుతోంది.

మావయ్యగారు సంగీతం నేర్చుకున్నవారు కాదు. ఆయన గొంతెత్తి పాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన వినేవారు, అంతే. పాలకొల్లు బజారులో మాకు స్టీలు సామాన్ల కొట్టుంది. అందులో కూర్చుని ఒక జీవితకాలం పాటలు విన్నారు. పాడేవాళ్ళ గురించి పత్రికల్లో రాస్తారు, శాలువాలు కప్పుతారు. వినేవాళ్ళ గురించి ఎవరు రాస్తారు? నేను రాస్తున్నాను. రాసినందువల్ల జరిగేదేమీ లేదని తెలిసే రాస్తున్నాను.

మా పెళ్ళిచూపుల నాడు వాళ్ళ వైపు పెద్దావిడ ఒకావిడ అలవాటు ప్రకారం "ఓ పాట పాడమ్మా" అంది. నా గొంతు ఎవరూ వినదగ్గది కాదు. మా అమ్మ కంగారు పడుతుంటే మావయ్యగారు అడ్డం వచ్చారు. "పాడక్కర్లేదమ్మా. నీకు బాగా ఇష్టమైన పాటేదో చెప్పు, చాలు" అన్నారు. నేను నాకిష్టమైన గాయని పాడిన జోలపాట ఒకటి చెప్పాను. అందరూ తల ఊపి టిఫిన్ల వైపు తిరిగారు. ఆయన మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని, "మంచి పాటే. కానీ ఆవిడ పల్లవిలోనే మొత్తం ఇచ్చేస్తుందమ్మా. చరణానికేం మిగల్చదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "చరణం మీరు సరిగ్గా విన్నట్టు లేదండి" అనేశాను. మా అమ్మ నా తొడ గిల్లింది. ఆయన పెద్దగా నవ్వి మా నాన్నతో "మాకు నచ్చిందండి" అన్నారు. పెళ్ళికొడుకు ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వాదన ఆ రోజు మొదలై ఆయన పోయేదాకా తెగలేదు. నాది ఆవిడ పక్షం, ఆయనది ఒక గాయకుడి పక్షం. ఆ గాయకుడి పేరు ఇక్కడ రాయను. మావయ్యగారు కూడా ఎప్పుడూ పేరు పెట్టి అనలేదు. "మనాయన" అనేవారు. ఎప్పుడో పోయిన మనిషి గురించి, ఇంట్లో సొంత అన్న గురించి చెప్పినట్టు చెప్పేవారు. "మనాయనకి ఈ పాట పాడే రోజున జలుబు చేసినట్టుంది చూడు" అనేవారు. నేను మా గాయనిని పొగిడితే "మీ అమ్మగారికేం, ఏడిస్తే కూడా శ్రుతిలోనే ఏడుస్తుంది" అని ఉడికించేవారు. ఆయన అన్నదాంట్లో నిజముందని నాకు తెలుసు. మా గాయని పాటలో దుఃఖం వస్తే మొత్తం ఆవిడే ఏడ్చేస్తుంది, మనకి పనుండదు. మనాయన అలా కాదు. కథ చెప్పి పక్కకి తప్పుకుంటాడు. ఏడ్చుకుంటే మనం ఏడ్చుకోవాలి. ఇది నేను ఆయన బతికుండగా ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే వాదించుకోవడానికి ఏముంటుంది?

కొట్లో ఇడ్లీ పాత్రలకీ బిందెలకీ మధ్య ఒక అరలో టేప్‌రికార్డరు ఉండేది. సామాను కొన్నవాళ్ళకి గిన్నెల మీద పేర్లు చెక్కి ఇవ్వడం ఆయన పనే. చేతిలో పట్టుకునే చిన్న మిషన్, గుయ్యిమంటూ చెవి కొరికే చప్పుడు. ఇష్టమైన చరణం వచ్చిందంటే ఆ మిషన్ ఆపేసేవారు. "ఒక్క నిమిషం కూచోండమ్మా, చరణం వస్తోంది" అనేవారు. పెళ్ళి సామాను కోసం పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు బస్సు వెళ్ళిపోతుందని గొణుక్కుంటూనే కూర్చునేవారు. పెళ్ళికూతురి పేరు సగం చెక్కి ఉండేది. చరణం అయిపోయాక మిగతా సగం చెక్కేవారు. అలా కూర్చున్న ఒకావిడ ఓసారి కళ్ళొత్తుకుంటే అడక్కుండానే ఆయన ధర తగ్గించేశారని మా ఆయన ఇంటికొచ్చి చిందులు తొక్కాడు.

మా గాలిలో తేమెక్కువ. వానాకాలం వస్తే క్యాసెట్లకి బూజు పడుతుంది. అందుకని ఆయన కొట్టులోంచి మూత గట్టిగా పట్టే పెద్ద స్టీలు డబ్బా తెచ్చి, అడుగున బియ్యం పోసి, పాతచీర ముక్క పరిచి, దాని మీద క్యాసెట్లు పేర్చేవారు. నెలకోసారి బియ్యం మార్చేవారు. మార్చిన బియ్యంతో అత్తయ్యగారు అట్లకి పిండి రుబ్బేవారు. "ఇవాళ అట్టులో తబలా బాగా పలికింది" అని ఆయన మెచ్చుకునేవారు. అత్తయ్యగారు నవ్వకుండా ఇంకో అట్టు వేసేవారు.

కొత్త పాటలంటే ఆయనకి పడదని ఊళ్ళో అనుకునేవారు. అది అబద్ధం. మా ఆయన తొంభైల్లో వచ్చిన పాటల క్యాసెట్లు తెస్తే ప్రతి క్యాసెట్టూ రెండు వైపులా పూర్తిగా వినేవారు. "రెండుసార్లు వినకుండా పాటని తిట్టకూడదమ్మాయ్. మొదటిసారి తప్పు మన చెవిది అయ్యుండొచ్చు" అనేవారు. మద్రాసు నుంచి కీబోర్డు మోతలతో కొత్త సంగీతం వచ్చినప్పుడు రెండుసార్లు విని, ఇష్టం వచ్చినట్టు తిట్టారు. అందులో ఒక వానపాట మాత్రం ఆయనకి పట్టుకుంది. ఒప్పుకోవడానికి మొహమాటం. నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి ఆ పాటే మోగుతుండేది. "ఎవరో పార్టీ అడిగేరమ్మా, పెట్టేను" అనేవారు. కొట్లో పురుగు కూడా ఉండేది కాదు.

ఇన్నిటిలోనూ ఆయన ప్రాణం ఒక పడవ పాట. ప్రేమ పాట. అబ్బాయి తెడ్డు వేస్తుంటాడు, అమ్మాయి నీళ్ళలో చెయ్యి పెట్టి కూర్చుంటుంది, అంతకు మించి అందులో కథేమీ లేదు. రెండో చరణం చివర మనాయన నవ్వబోయి ఆపుకుంటాడు. నవ్వు బయటికి రాదు, మాట మాత్రం కొంచెం వెడల్పవుతుంది. అక్కడికి వచ్చేసరికి మావయ్యగారు వేలెత్తి "అదిగో" అనేవారు. నాకు చాలాకాలం ఏమీ వినబడేది కాదు, వినబడిందని అబద్ధం చెప్పేదాన్ని. ఒకరోజు పప్పు కడుగుతుంటే, మనసు ఎక్కడో ఉండగా, ఆ నవ్వు నిజంగా వినబడింది. తడి చేతులతో పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "ఇన్నాళ్ళకా!" అని ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక, ఇది నా ఇల్లు అని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే.

పాప పుట్టాక ఆ పాట దాని జోలపాట అయింది. ఆయన ఒళ్ళో కూర్చుని, ఆయన వేలెత్తే చోట అదీ వేలెత్తేది. నాకు పట్టడానికి అన్నాళ్ళు పట్టిన నవ్వు, దానికి మాటలు రాకముందే పట్టింది. ఆయనకి అదో గర్వం. వచ్చినవాళ్ళందరి ముందూ టేపు పెట్టి మనవరాలి చేత వేలెత్తించేవారు.

చావు క్యాసెట్టు అంటే ఆయనకి కోపమెందుకో ఇప్పుడు చెప్పాలి. ఆ శ్లోకాలు చదివింది కూడా మనాయనే. అవి రికార్డుగా వచ్చినప్పుడు మా బజారులో ముందు కొన్నది మావయ్యగారేనట. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి వినేవారట. కొన్నాళ్ళకి ఊళ్ళో ఎవరో పెద్దాయన పోతే వాటిని మైకులో పెట్టారు. తరవాత ఇంకో ఇంట్లో. ఇక అది ఆనవాయితీ అయి కూర్చుంది. ఒక ఆదివారం పొద్దున ఆయన మామూలుగా ఇంట్లో శ్లోకాలు పెట్టుకుంటే చుట్టుపక్కలవాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశారు, మా ఇంట్లో ఎవరికేమైందోనని. మా అత్తయ్యగారు సిగ్గుతో చచ్చిపోయి, ఇంకెప్పుడూ ఇంట్లో పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆయన అప్పటికి నవ్వేశారు గానీ, ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

"గొంతుకి శవం వాసన పట్టించేస్తున్నారమ్మాయ్" అన్నారు ఒకరోజు నాతో. "ఇవాళ శ్లోకాలు. రేపు మనాయన ఏ పాట పాడినా జనానికి పాడె మీది శవమే గుర్తొస్తుంది. అంత మంది పెళ్ళిళ్ళకి పాడేడు, అన్ని ప్రేమలకి పాడేడు. ఆఖరికి మనం ఆయనకి అప్పజెప్పిన పని ఇదీ."

రెండేళ్ళ కిందట ఎదురింటి నూనెమిల్లు ఆసామి పోయారు. సాగనంపి వచ్చి, పెరట్లో తలారా నీళ్ళు పోసుకుని, తడి తువ్వాలుతోనే మావయ్యగారు అరుగు మీద కూర్చున్నారు. పాప వెళ్ళి ఆనుకుంది. నేను పొడి పంచె తెచ్చి ఇస్తే తీసుకోలేదు.

"అమ్మాయ్, నేను పోయినప్పుడు ఆ క్యాసెట్టు పెట్టనివ్వకు" అన్నారు.

"ఏం మాటలండి అవి మావయ్యగారూ! లేచి పంచె మార్చుకోండి."

"మార్చుకుంటాలే. విను ముందు. ఇది నా ఒళ్ళో కూచుని మనాయన పాటలు నేర్చుకుంది. నేను పోయిన రోజున ఇది గుమ్మంలో నిలబడుంటుంది కదా. నేను చాప మీద ఉంటాను, పైన ఆ గొంతు మోగుతుంటుంది. ఇక జన్మలో ఆ గొంతు ఎప్పుడు విన్నా దీనికి నా శవమే కనబడుతుంది. అది నాకొద్దమ్మా."

నేను పంచె ఆయన పక్కన అరుగు మీద పెట్టాను.

"పడవ పాట పెట్టండి. అది కుదరదంటారా, అసలేం పెట్టకండి. ఊరుకోండి. ఊరుకోవడం కూడా మర్యాదే" అన్నారు.

"అలాగేనండి" అన్నాను. ఏడుపొచ్చి లోపలికి వచ్చేశాను. ఆయన ఆ సాయంత్రమే మా ఆయనకీ చెప్పారు, అత్తయ్యగారికీ చెప్పారు. మా ఆయన "అప్పుడు చూద్దాంలే నాన్నా" అని నవ్వేశాడు. ఆయన నవ్వలేదు.

ఇక ఆ రోజు సంగతి. రిక్షా దిగి లోపలికి వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. తల ఎత్తి చూస్తే పాప గుమ్మంలో స్తంభాన్ని కావిలించుకుని, సరిగ్గా హారన్‌కి ఎదురుగా నిలబడి ఉంది. పక్కింటావిడ చెయ్యి పట్టుకుని లాగినా రావడం లేదు. ఒకసారి తాతయ్య వంక, ఒకసారి హారన్ వంక చూస్తోంది. ఆయన చెప్పింది చెప్పినట్టు నా కళ్ళ ముందు జరిగిపోతోంది. నేను కళ్ళు తుడుచుకుని లేచాను.

పెత్తనమంతా మా ఆయన మేనమామగారిది, నాకు పెదనాన్న వరస. నరసాపురం నుంచి ఆయన అప్పటికే వచ్చి, వెదురు తెమ్మని ఒకర్నీ, బ్రాహ్మణ్ణి పిలుచుకు రమ్మని ఒకర్నీ పరుగులు పెట్టిస్తున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకి తెలిసిన మర్యాద ఒకటే, అది జరిగితీరాలి.

"పెదనాన్నగారూ, ఆ క్యాసెట్టు ఆపించండి. మావయ్యగారు వద్దన్నారు" అన్నాను.

"శ్లోకాలు ఆపమంటావేంటమ్మా? తప్పు కదూ!"

"పడవ పాట పెట్టమన్నారండి. మా అందరికీ చెప్పేరు."

"సినిమా పాటా? శవం ముందా?" ఆయన గొంతు తగ్గించారు. "బతికున్నప్పుడు సరదాకి ఎన్నో అనుకుంటాం. అవన్నీ చేస్తామేంటమ్మా? ఊరంతా ఏవనుకుంటుంది?"

"ఊరికి ఆయన పాటల పిచ్చి తెలుసండి."

"పిచ్చోడని ఊరేగింపులో మైకెట్టి చాటమంటావా?"

"పోనీ ఏ పాటా వద్దండి. ఇది ఆపేస్తే చాలు."

"మైకు లేకుండా లేవదీస్తే దిక్కులేనోడనుకుంటారమ్మా. ఇంత బతుకు బతికి నా బావ దిక్కులేనోడిలా వెళ్ళాలా?" అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నిజంగానే ఏడుస్తున్నారు. కోప్పడితే పోట్లాడేదాన్ని. ఏడుస్తున్న పెద్దమనిషితో ఏం పోట్లాడను?

మా ఆయన వైపు తిరిగాను. "నాన్న అన్నమాట నిజమే మావయ్యా" అన్నాడు నేల చూస్తూ. మేనమామ "ఏరా, నువ్వు కూడానా?" అనగానే "మీ ఇష్టం" అన్నాడు. నాతో మెల్లిగా "ఇప్పుడు గొడవెందుకు" అన్నాడు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? మనిషి ఇంకోసారి పోతాడా?

బియ్యం డబ్బా మూత తీసి పడవ పాట క్యాసెట్టు తీసుకుని బయటికి వచ్చాను. కొబ్బరిచెట్టు మొదట్లో మైకు సెట్టు అతను యాంప్లిఫయరు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నా చేతిలోది చూసి లేచి నిలబడ్డాడు.

"షావుకారుగారు నాతోనూ అన్నారండి, ఒకట్రెండుసార్లు. నాదేవుందండి, ఏది పెట్టమంటే అది పెడతాను. నరసాపురం ఆయన వద్దంటున్నారు కాబట్టి, అమ్మగారి చేత ఒక్క మాట చెప్పించండి. ఇంకెవరూ అడ్డం చెప్పరు" అన్నాడు.

ఆ మాట నిజం. అత్తయ్యగారు ఊఁ అంటే మేనమామ కూడా నోరెత్తలేరు. ఆవిడ మావయ్యగారి తల దగ్గర కూర్చుని, చల్లారిపోయిన ఆ కాఫీ గ్లాసు ఇంకా పక్కనే పెట్టుకుని ఉన్నారు. చెవిలో చెప్పాను. క్యాసెట్టు చూపించాను. ఆవిడ దాన్ని చేత్తో ముట్టుకుని మళ్ళీ నా చేతిలో పెట్టేశారు.

"నాకూ చెప్పేరే. మర్చిపోలేదు. కానీ నా వల్ల కాదమ్మా. ఆ శ్లోకాలు మోగుతుంటే పోయేరని తెలుస్తోంది. ఈ పాట పెడితే ఇప్పుడే లేచి వేలెత్తుతారనిపిస్తుంది. ఎత్తరు కదా. నేనెలా చూడను?" అన్నారు.

ఇంతమందిలో కాదనడానికి హక్కున్న కారణం ఆవిడ ఒక్కరికే ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని లేచి వచ్చాను.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి క్యాసెట్టు ఒకవైపు అయిపోయి ఆగింది. ఒక్కసారిగా వీధంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గడం, కాలవ గట్టు మీద సైకిలు గంట, వెదురు నరుకుతున్న చప్పుడు. ఆయన అడిగిన రెండోది అదే. ఊరుకోవడం. మైకు సెట్టు అతను నా వైపు చూస్తూ చెయ్యి చాచాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను పాపం కాసేపు ఆగాడు, కావాలనే ఆగాడని నాకు తెలుసు. లోపలి నుంచి మేనమామగారు "మైకేమైందిరా?" అని కేక పెట్టారు. అతను క్యాసెట్టు తిప్పి పెట్టాడు.

మా ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. ముందు రిక్షాలో హారన్, వెనక పాడె. బజారులో కొట్లవాళ్ళందరూ షట్టర్లు సగం దించి నిలబడ్డారట. అంతమందిలో మావయ్యగారు పాట వింటూ పేరు చెక్కిన గిన్నె లేని ఇళ్ళు ఎన్ని ఉంటాయి? నేను గుమ్మంలో క్యాసెట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఆ గొంతు కాలవ వెంబడి దూరమవుతూ చాలాసేపు వినబడింది.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. అంతా లక్షణంగా జరిగిందని మేనమామగారు తృప్తిగా చెప్పుకున్నారు. నాకు మాత్రం మావయ్యగారిని మేం వినలేదనే అనిపిస్తోంది. ఒక్క చరణం కోసం బేరం ఆపుకున్న మనిషి, ఇన్నేళ్ళలో ఒక్క మాట అడిగితే, ఇంటినిండా ఉన్న మేం దాన్ని వినలేకపోయాం. ఎవరి కారణం వాళ్ళకుంది. కారణాలన్నీ మంచివే. అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకోలేక, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతున్నాను. కొట్లో టేప్‌రికార్డరు మూగపోయింది. మా ఆయన మిషన్‌తో పేర్లు చెక్కుతుంటే ఆ గుయ్యిమనే చప్పుడు మధ్యలో ఎక్కడా ఆగడం లేదు. నాతో వాదించేవాళ్ళు లేక మా గాయని పాటలు కూడా నాకు చప్పగా ఉన్నాయి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆయన ఊళ్ళో లేడు. అత్తయ్యగారు సావిట్లో చింతపండు గింజ తీస్తున్నారు. ఉన్నట్టుండి ఆవిడే అన్నారు, "ఆ పాట పెట్టవే. ఇప్పుడు వింటాను" అని.

టేపు పెట్టాను. ముందు వేణువు, తరవాత నీళ్ళ చప్పుడు, ఆ మీదట మనాయన మెల్లిగా అందుకున్నాడు. అత్తయ్యగారు చింతపండు ఒళ్ళోనే వదిలేసి కళ్ళు మూసుకున్నారు. అప్పుడు కుదరనిది ఇప్పుడైనా కుదిరింది, ఎంతో కొంత చెల్లింది అనుకున్నాను. పాప వీధిలో తోటిపిల్లలతో ఆడుకుంటోంది. అది వినాలని నేనే సౌండు కొంచెం పెంచాను.

పల్లవి పూర్తికాకముందే పరిగెత్తుకొచ్చింది. నా ఒళ్ళో కూర్చుంటుందని చెయ్యి చాచాను. నా వంక చూడలేదు. తిన్నగా అత్తయ్యగారి దగ్గరికి వెళ్ళి, మూసుకున్న ఆ కళ్ళు చూసి కెవ్వుమంది. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే, రెండు బుగ్గలూ పట్టుకుని "నాన్నమ్మా, నువ్వు బానే ఉన్నావా? బానే ఉన్నావా?" అని అడిగింది.

"బానే ఉన్నాను తల్లీ. తాతయ్య పాటే కదమ్మా, నీ జోలపాట."

"ఆపెయ్యమ్మా" అని నా వైపు తిరిగి అరిచింది. "ఆయన పాడితే తీసుకెళ్ళిపోతారు. ఆపెయ్యి!"

ఆపేశాను. రెండో చరణం దాకా రానేలేదు.

టేపు ఆగినా అది నమ్మలేదు. వెళ్ళి వీధి తలుపులు రెండూ వేసింది. పై గడియ అందలేదు. అత్తయ్యగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గుమ్మం దగ్గర నేల మీద కూర్చోబెట్టి, ఆవిడ కొంగు తన పిడికిలికి చుట్టుకుని, తలుపుకి వీపు గట్టిగా ఆనించి కూర్చుంది. అన్నానికి లేపినా లేవలేదు. మా ఆయన వచ్చి తలుపు తట్టేదాకా అలాగే కూర్చుంది. తట్టాక కూడా లేవలేదు, ఎవరో ఏమిటో నన్ను అడగమంది.